వార్తే సరుకు – 4: పరపతికో పద్దు

పోయిన భాగంలో మనం లండన్‌లో ఎడ్వర్డ్ లాయిడ్ కాఫీ కొట్టు దగ్గర ఆగాం. ఏ ఓడ ఏ రేవు దాటింది, ఏది తుపానులో చిక్కింది అని చెప్పుకునే ఆ బల్లల మధ్య నుంచే ఓడల బీమా వ్యాపారం ఎలా లేచి నిలబడిందో చూశాం. ఓడ మునిగితే ఎప్పటికైనా నలుగురికీ తెలుస్తుంది. మనిషి లోలోపల మునుగుతుంటే ఎవరికి తెలుస్తుంది? కొట్టు తెరిచే ఉంటుంది, గల్లాపెట్టె చప్పుడవుతూనే ఉంటుంది, ఒక పొద్దున మాత్రం ఐపీ పెట్టాడని కబురొస్తుంది. ఆ కబురు ముందే తెలిస్తే ఎంత బాగుండునని తలపట్టుకున్న ఒక బట్టల వర్తకుడి కథ ఇది.

మన భాషలో ఈ కథకు సరిపోయే మాట ఒకటుంది: పరపతి. పరపతి సంఘం అంటే అప్పిచ్చే సంఘం. ‘ఊళ్లో ఆయనకు పరపతి ఉంది’ అంటే ఆయన మాట చెల్లుతుందని. అప్పు పుట్టడమూ పేరు నిలవడమూ ఒకటేనని మనవాళ్లు ఒక్క మాటతో తేల్చేశారు. ఊరి కిరాణా కొట్టులో ‘అరువు రేపు’ అన్న బోర్డు వేలాడుతుంటుంది, సరిగ్గా దాని కిందే ఖాతా పుస్తకమూ ఉంటుంది. బోర్డు కొత్త మొహాలకు, పుస్తకం తెలిసిన మొహాలకు. ఎవరి పంట పోయింది, ఎవరి కొడుక్కి ఉద్యోగం వచ్చింది, ఎవరు సాయంత్రమైతే సారా కొట్టు దారి పడతారు అన్నదంతా కొట్టు యజమాని నోటికి వచ్చు. ఆ నోటి లెక్క పొలిమేర దాకానే పనిచేస్తుంది. కొనేవాడు వెయ్యి మైళ్ల అవతలి నుంచి వస్తే?

పెరల్ వీధిలో పట్టు వర్తకం

1830ల న్యూయార్క్‌కు ఏటా రెండు కొనుగోలు కాలాలు, వసంతంలో ఒకటి, శరత్తులో ఒకటి. ఒహాయో నుంచి, ఇండియానా నుంచి, దక్షిణాది పల్లెల నుంచి చిల్లర వర్తకులు దిగేవాళ్లు. బట్టలు, పంచదార, ఇనుప సామాను ఎత్తుకుని, ఆరు నెలలకో ఏడాదికో డబ్బు కడతామని కాగితం రాసిచ్చి వెళ్లేవాళ్లు. ఆ వర్తకంలో అరువు తప్పించుకోలేనిది. పల్లెలో రైతు పంట అమ్మితే గాని చిల్లర కొట్టుకు డబ్బు రాదు, అది వస్తే గాని టోకు వర్తకుడికి చేరదు.

నమ్మడానికి ఆధారమేమిటి? జేబులో ఒక సిఫారసు ఉత్తరం. ఊరి పాస్టరో ప్లీడరో రాసిచ్చింది. ఇతను యోగ్యుడు అని రాయడానికి రాసేవాడికి పోయేదేమీ లేదు. పోతే టోకు వర్తకుడి సరుకే పోతుంది.

పెరల్ వీధిలో ఆర్థర్ టాపాన్, ఆయన తమ్ముడు లూయిస్ టాపాన్ పట్టు బట్టల టోకు వ్యాపారం చేసేవాళ్లు. మాసచూసెట్స్‌లోని నార్తాంప్టన్‌లో పుట్టిన కరడుగట్టిన క్రైస్తవ నిష్ఠాపరులు. మద్యం ముట్టరు. బేరాలు లేవు, ఒకటే ధర. వ్యాపారం మొదలుపెట్టిన నాళ్లలో నగదుకో, స్వల్ప గడువుకో మాత్రమే అమ్మేవాళ్లు. పోటీ పెరిగేకొద్దీ వాళ్లూ అరువు దారి పట్టారు.

వాళ్లకు ఇంకో పేరూ ఉంది. బానిసత్వం పోవాలని నడుం కట్టిన ధనవంతుల్లో అందరికంటే ముందున్నవాళ్లు. 1834 జూలైలో అల్లరి మూక రోజ్ వీధిలోని లూయిస్ ఇంటి మీద పడి, సామాను వీధిలోకి ఈడ్చి తగలబెట్టింది. లూయిస్ ఆ వేసవంతా ఇంటికి మరమ్మతు చేయించలేదు. పగిలిన తలుపులను, కిటికీలను దారిన పోయేవాళ్లు చూడాలని అలాగే వదిలేశాడు. 1835 డిసెంబరులో న్యూయార్క్‌ను కాల్చేసిన పెద్ద అగ్నిప్రమాదంలో కొట్టూ బూడిదైంది.

అయినా లేచారు. వాళ్లను నిజంగా పడగొట్టింది అరువు. 1837లో అమెరికాలో బ్యాంకులు కుదేలయ్యాయి. బాకీలు రావాల్సిన చోట్ల నుంచి రాలేదు. ఆ మే నెలలో ఆర్థర్ టాపాన్ అండ్ కంపెనీ చెల్లింపులు ఆపేసింది. అప్పటికి కట్టాల్సింది 11 లక్షల డాలర్ల పైమాట. ఏడాదిన్నరలో అప్పులవాళ్లందరికీ కట్టేశారు గాని కొట్టుకు పాత జీవం రాలేదు. లెక్కలు తిరగేస్తూ కూర్చున్న లూయిస్‌కు ఒక సంగతి తట్టి ఉండాలి. ముంచినవాళ్లలో చాలామంది సంగతి వాళ్ల ఊళ్లో అప్పటికే అందరికీ తెలుసు. తెలియంది న్యూయార్క్‌కే.

ఉత్తరాల అల్లిక

ఈ ఆలోచన మొదట వచ్చింది లూయిస్‌కే కాదు. లండన్ బ్యాంకు బేరింగ్ బ్రదర్స్‌కు బోస్టన్‌లో థామస్ రెన్ వార్డ్ అనే ఏజెంటు 1829 నుంచీ అమెరికన్ వర్తకుల గుట్టుమట్లు రాసి పంపేవాడు. కానీ అది ఒక్క యజమాని కోసం ఒక్క మనిషి చేసే ఆరా. ఒకరి కోసం తీసిన ఆరాను పదిమందికీ అమ్మగలిగితే అదే వ్యాపారమవుతుంది. లూయిస్ పట్టుకున్నది ఈ కిటుకును.

దేశమంతా కళ్లు కావాలి. అవి ఆయనకు కొంతవరకు ముందే ఉన్నాయి. బానిసత్వ వ్యతిరేక సంఘాల పనిలో ఉత్తరాది ఊరూరా ప్లీడర్లతో, పాస్టర్లతో, వర్తకులతో ఆయనకు ఉత్తర ప్రత్యుత్తరాలు నడిచేవి. 1839లో అమిస్టాడ్ ఓడలో తిరగబడి పట్టుబడ్డ ఆఫ్రికన్ల తరఫున సంఘం కట్టి, ప్లీడర్లను పెట్టి, చందాలు పోగుచేసి కేసు నడిపించినవాళ్లలో ముఖ్యుడు లూయిసే. 1841 మార్చిలో సుప్రీం కోర్టు వాళ్లను విడిచిపెట్టమంది. ఆ వేసవిలోనే హానోవర్ వీధి, ఎక్స్‌చేంజ్ ప్లేస్ మూలన ‘మర్కంటైల్ ఏజెన్సీ’ బోర్డు లేచింది. మనుషులను విడిపించడానికి అల్లుకున్న ఉత్తరాల దారులే మనుషుల గుట్టు మోసుకొచ్చే దారులయ్యాయి.

దక్షిణాదిలో మాత్రం టాపాన్ పేరు చెబితే తలుపులు మూసుకునేవి. అక్కడ ఏజెన్సీ నిలదొక్కుకోవడానికి ఏళ్లు పట్టింది.

కబుర్లు పంపేవాళ్లకు జీతమెవరిస్తారు? ఇక్కడ టాపాన్ వర్తకపు తెలివి చూపించాడు. ఎక్కువమందిని ఊరి ప్లీడర్లలోంచే ఎంచుకున్నాడు. ఏడాదికి రెండుసార్లు, కొనుగోలు కాలాలకు ముందు, మీ తాలూకా వర్తకుల సంగతి రాయండి. మధ్యలో ఎవరైనా జారిపోతుంటే వెంటనే చెప్పండి. బదులుగా న్యూయార్క్ వర్తకులకు మీ ఊళ్లో బాకీల వసూలు పనుంటే అది మీకే వస్తుంది. డబ్బు చేతులు మారకుండానే పని సాగింది. 1851 నాటికి ఇలా రాసేవాళ్లు రెండు వేలకు చేరారు. ఆ తర్వాత అమెరికా అధ్యక్షులైనవాళ్లలో నలుగురు, లింకన్, గ్రాంట్, క్లీవ్‌లాండ్, మెకిన్లీ, ఒకప్పుడు తమకు ఇలా రాసినవాళ్లేనని ఆ సంస్థ నేటికీ గొప్పగా చెప్పుకుంటుంది.

గుమస్తా చదువుతాడు, మీరు వినండి

ఆ ఆఫీసు లోపలికి వెళ్దాం. ఒక టోకు వర్తకుడో ఆయన నమ్మకస్తుడైన గుమస్తానో వచ్చాడు. ఆయన చందాదారు. చందా అందరికీ ఒకటే కాదు, ఏటా ఎంత అమ్ముతారన్నదాన్ని బట్టి ఉంటుంది. విన్నది బయట పెట్టనని ముందే సంతకం చేశాడు. కౌంటరు దగ్గర ఊరి పేరు, వర్తకుడి పేరు చెప్పాడు. ఇవతల ఏజెన్సీ గుమస్తా గొర్రెతోలు అట్టల ఆవర్జా ఒకటి దించాడు. రాష్ట్రానికో వరస, అందులో కౌంటీలవారీగా పేజీలు, పేర్లకు సూచిక. పేజీ దొరికింది. గుమస్తా చదువుతాడు, వచ్చినవాడు వింటాడు. రాతపూర్వకంగా నకలు ఇవ్వరు.

ఆ పేజీలో ఏముంటుంది? వయసు, పెళ్లయిందా లేదా, ఎన్నేళ్ల నుంచి వర్తకం, సొంత ఇల్లుందా, పొలముందా, మామగారు కలిగినవాడా, తాగుతాడా, జూదమాడతాడా, భార్య దుబారా మనిషా, బాకీలు గడువుకు కడతాడా. అన్నీ పొట్టి పొట్టి ముక్కల్లో, సంక్షిప్తాల్లో. పక్కన తేదీ, పంపినవాడి పేరుకు బదులు ఒక సంకేతం. ఆర్నెల్లకు కొత్త ముక్క వస్తే పాతదాన్ని కొట్టేయరు, దాని కిందే రాస్తారు. అలా ఒక చిల్లర కొట్టు పుట్టడం, పెరగడం, భాగస్వామి విడిపోవడం, దివాలా తీయడం, మళ్లీ భార్య పేరున తెరవడం ఒకే పేజీలో పై నుంచి కిందికి కనిపిస్తాయి.

టాపాన్ కొత్తగా కనిపెట్టిన తెలివి ఈ పేర్చడంలో ఉంది. ఫలానా ప్లీడరు చచ్చిపోవచ్చు, ఫలానా గుమస్తా మానేసి పోవచ్చు, తెలిసింది మాత్రం ఆవర్జాలో ఉండిపోతుంది. 1843లో బోస్టన్‌లో శాఖ తెరిచారు, తర్వాత మరికొన్ని చోట్ల. ఒక చోట వచ్చిన కబురును నకలు రాసి మిగతా శాఖలకు పంపేవాళ్లు. నకళ్ల కోసమే గుమస్తాలు. ఈ రోజు కంపెనీలు ‘నాలెడ్జ్ మేనేజ్‌మెంట్’ అని పేరు పెట్టి సాఫ్ట్‌వేర్లు కొనుక్కునేది ఇందుకే: తలలో ఉన్నదాన్ని తల లేకపోయినా దొరికేలా దాచుకోవడం. ఆ ఆవర్జాలు రెండున్నర వేలకు పైగా ఇవాళ హార్వర్డ్ బిజినెస్ స్కూల్ వారి బేకర్ లైబ్రరీలో ఉన్నాయి. 19వ శతాబ్దపు అమెరికా చిన్న వర్తకుల చరిత్ర రాసేవాళ్లు ముందు అక్కడికే వెళ్తారు.

పేర్చడం ఎంత గట్టిదైనా, పేర్చింది మాత్రం ఊరివాళ్ల మాటే. ఊరివాళ్ల మాటలో ఊరి పక్షపాతాలూ ఉంటాయి. యూదు వర్తకుడి పేజీ తెరిస్తే ముందు అతని మతం కనపడుతుంది, వెనకే అనుమానం. నల్లవాడైతే రంగు రాస్తారు. మనుషులంతా సమానమని ఇల్లు తగలబెట్టించుకున్నవాడు పెట్టిన ఆఫీసులోనే ఈ రాతలూ సాగాయి. రాసే ప్లీడరుకు తన కక్షిదారులూ, తన శత్రువులూ ఉంటారు. తన గురించి ఏం రాశారో ఆ వర్తకుడికి మాత్రం తెలిసే దారి లేదు.

నార్వాక్ నుంచి సుప్రీం కోర్టు దాకా

ఒహాయోలోని నార్వాక్‌లో జాన్ బియర్డ్‌స్లీ, హొరేస్ బియర్డ్‌స్లీ అనే ఇద్దరు కొట్టు నడిపేవారు. 1848లో ఏజెన్సీకి ఒక కబురు చేరింది. జాన్ భార్య విడాకులకు, భరణానికి కోర్టుకెక్కబోతోంది, ఆస్తి చేజారకుండా ఆయన ముందే సర్దుకుంటున్నాడు, కొట్టు నిలిచేలా లేదు అని. కౌంటరు దగ్గర ఈ మాట చదివించుకున్నాక బియర్డ్‌స్లీలకు అరువిచ్చేదెవరు?

సంగతి వాళ్ల చెవిన పడింది. పరువు నష్టం దావా వేశారు. కేసు 1851లో విచారణకొచ్చింది. ఈ కబురు రాసిందెవరో చెప్పమన్నారు. అప్పటికి ఏజెన్సీ నడుపుతున్న బెంజమిన్ డగ్లస్ చెప్పనన్నాడు. ఒక్క పేరు బయటపెడితే ఆ రెండు వేలమందిలో రేపు రాసేవాడెవడు? కోర్టు ధిక్కారమన్నారు. డగ్లస్ 20 రోజులు జైల్లో ఉన్నాడు గాని పేరు చెప్పలేదు. జ్యూరీ బియర్డ్‌స్లీలకు 10,000 డాలర్లు ఇప్పించింది. అప్పీలు సాగి సాగి 1870లో సుప్రీం కోర్టులో తేలింది. సాక్ష్యంగా చెల్లని మాటలను కింది కోర్టు సాక్ష్యంగా తీసుకుందని ఆ తీర్పును కొట్టేశారు. కబురు రాసిన నాటి నుంచి 22 ఏళ్లు.

ఈలోగా మిగతా కోర్టుల్లోనూ ఇలాంటి కేసులు నడిచాయి. అవసరమున్న చందాదారుకు, నమ్మకంగా, దురుద్దేశం లేకుండా చెప్పిన మాటకు రక్షణ ఉందన్న సూత్రం నెమ్మదిగా కుదురుకుంది. చెప్పేవాడికి గొడుగు దొరికింది. ఎవరి గురించి చెప్పారో ఆ మనిషి వానలోనే నిలబడ్డాడు.

తాళం వేసిన పుస్తకం

లూయిస్ టాపాన్ 1849లో తప్పుకుని మిగతా జీవితం తన ఉద్యమానికే ఇచ్చాడు. ఏజెన్సీ డగ్లస్ చేతుల్లోంచి 1859లో ఆయన బావమరిది రాబర్ట్ గ్రాహం డన్‌కు వచ్చింది. పోటీ కూడా అప్పటికే గట్టిపడింది. జాన్ బ్రాడ్‌స్ట్రీట్ 1849లో సిన్సినాటిలో ఇలాంటి సంస్థే పెట్టి, 1857లో ఏకంగా అచ్చు పుస్తకం తెచ్చాడు. ఆఫీసుకొచ్చి వినక్కర్లేదు, మీ బల్ల మీదే తెరిచి చూసుకోండి అని. పేజీలకు పేజీల కబురును ఒక గుర్తులోకి కుదించాడు.

డన్‌కూ అచ్చు వేయక తప్పలేదు. 1859లో వచ్చిన మొదటి ‘రిఫరెన్స్ బుక్’కు తాళం ఉంది. తోలు అట్ట, దానికి తాళం, చెవి చందాదారు దగ్గర. పుస్తకం అమ్మరు, అద్దెకిస్తారు. కొత్తది కావాలంటే పాతది వాపసు చేయాలి. కొన్నేళ్లకు గుర్తులు కూడా రెండయ్యాయి, ఆస్తి ఎంతన్నదానికి ఒకటి, పరపతి ఎలాంటిదన్నదానికి ఒకటి. 1870ల్లో టైపురైటరు బజారులోకి రాగానే ఈ సంస్థే వాటిని వందకు తక్కువ కాకుండా కొని చేతి నకళ్లకు మంగళం పాడింది. ఆవర్జాల యుగం మెల్లగా ముగిసింది.

ఈ మార్పులో పోయినదేమిటో కూడా చెప్పుకోవాలి. ఆవర్జాలో ‘ఒకసారి దెబ్బతిన్నాడు, తప్పు అతనిది కాదు, అందరికీ కట్టాడు’ అనే తరహా మాటకు చోటుంది. ఒక అక్షరానికో అంకెకో ఆ చోటు లేదు. 1837లో టాపాన్‌లకే ఎవరైనా గుర్తు వేసి ఉంటే ఏం వేసేవాళ్లు? చెల్లింపులు ఆపేసినవాళ్లనా, ప్రతి బాకీ కట్టినవాళ్లనా?

ఆ పద్దు మన దగ్గరికి

1933లో రెండు పోటీ సంస్థలూ కలిసి డన్ అండ్ బ్రాడ్‌స్ట్రీట్ అయ్యాయి. 1963లో ఆ సంస్థ ఒక్కో వ్యాపారానికి తొమ్మిది అంకెల డన్స్ నంబరు ఇవ్వడం మొదలుపెట్టింది. ఇవాళ హైదరాబాద్‌లో పదిమంది కుర్రాళ్లు కలిసి పెట్టిన చిన్న కంపెనీ తమ యాప్‌ను ఆపిల్ స్టోరులో కంపెనీ పేరున పెట్టాలన్నా ఆ నంబరు అడుగుతారు. పెరల్ వీధి పట్టు వర్తకుడి బెంగ మాదాపూర్ దాకా వచ్చిందన్నమాట.

1994లో డన్ అండ్ బ్రాడ్‌స్ట్రీట్ తన సాఫ్ట్‌వేర్ పనుల కోసం హైదరాబాద్ సంస్థ సత్యం కంప్యూటర్స్‌తో కలిసి చెన్నైలో ఒక ఉమ్మడి కంపెనీ పెట్టింది. పేరు డన్ అండ్ బ్రాడ్‌స్ట్రీట్ సత్యం సాఫ్ట్‌వేర్. రెండేళ్లకు అది కాగ్నిజెంట్‌గా పేరు మార్చుకుంది. తెలుగునాట ఏ వీధిలో అడిగినా అందులో పనిచేసిన కుర్రాడో అమ్మాయో కనిపిస్తారు. సత్యం కథ మాత్రం ఇంకో దారి పట్టింది. లెక్కల్లో చూపిన నగదులో 5,000 కోట్ల రూపాయలకు పైగా అసలు లేనేలేదని 2009 జనవరి 7న ఛైర్మనే ఉత్తరం రాశారు. పద్దు ఎవరు రాశారన్నది పద్దులో ఏముందన్నంత ముఖ్యమని నార్వాక్ కేసు చెప్పిన పాఠమే, ఈసారి మన ఊళ్లో, మన పేరుతో.

2000లో స్టేట్ బ్యాంకు, హెచ్‌డీఎఫ్‌సీ ముందుండి సిబిల్‌ను ఏర్పాటు చేసినప్పుడు మొదటి వాటాదారుల్లో డన్ అండ్ బ్రాడ్‌స్ట్రీట్ కూడా ఉంది. ఇప్పుడు సిబిల్ స్కోరు తెలియని ఇల్లు లేదు. 300కూ 900కూ మధ్య మూడంకెలు. ఇంటి రుణానికి వెళ్లినవాడు పెళ్లిచూపుల్లో కూర్చున్నట్టు ఆ అంకె కోసం ఎదురుచూస్తాడు.

అయితే ఒక్క తేడా ఉంది, అది చిన్నది కాదు. 2005 నాటి పరపతి సమాచార కంపెనీల చట్టం, ఆపై రిజర్వు బ్యాంకు ఆదేశాలతో ఎవరి పేజీని వాళ్లు చూసుకునే హక్కు వచ్చింది. ఒక్కో సంస్థ నుంచి ఏడాదికి ఒకసారి పూర్తి నివేదిక ఉచితం. తప్పుంటే ఫిర్యాదు చేయొచ్చు. 30 రోజుల్లో తేల్చకపోతే ఆ పైన రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం కట్టాలని 2024 ఏప్రిల్ నుంచి నియమం.

నార్వాక్‌లో జాన్ బియర్డ్‌స్లీకి తన పేజీలో ఏముందో తేల్చుకోవడానికి కోర్టుకెక్కాల్సి వచ్చింది. కబురు రాసిన నాటి నుంచి అది తేలడానికి 22 ఏళ్లు పట్టింది, చివరికి గెలిచిన తీర్పూ నిలవలేదు. మన పేజీ మనకు ఏడాదికోసారి ఊరికే ఇస్తున్నారు. ఎందుకోగాని, బ్యాంకువాళ్లు కాదన్నాక తప్ప దాన్ని తెరిచి చూసేవాళ్లు తక్కువ.

*(వచ్చే భాగంలో: టెలిగ్రాఫ్ తీగ ఆగిపోయిన చోట పావురాలను ఎగరేసి షేర్ల ధరలు అమ్మిన పాల్ జూలియస్ రాయిటర్)*